న్యాయమూర్తికి వేసే ఓటు, వేటగాడికి తెరిచే గేటు: మోంటానా అనుభవం

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బ్యాలెట్టు పత్రం మీద అధ్యక్షుడు, సెనేటరు, గవర్నరు వంటి పెద్ద పదవులు దాటి కిందికి వస్తే, పేరు పక్కన ఏ పార్టీ ముద్రా లేని అభ్యర్థులు కొందరు కనిపిస్తారు. వారు రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి పోటీ చేస్తున్నవారు. హైకోర్టు, సుప్రీంకోర్టు నియామకాలు కొలీజియం సిఫారసుతో జరిగే దేశం నుంచి చూస్తే న్యాయమూర్తులు ఓట్లు అడగడమే వింతగా తోస్తుంది. ఆ ఎన్నికలను అక్కడ శ్రద్ధగా గమనించేవారిలో న్యాయవాదులు, వ్యాపార సంఘాలతో పాటు వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు కూడా ఉండడం మరింత వింత. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత భారతదేశంలో వేట దాదాపు పూర్తిగా నేరమైంది. మోంటానాలో అది లైసెన్సు తీసుకుని, సీజను పాటించి, కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని. 2004లో అక్కడి ఓటర్లు భారీ ఆధిక్యంతో రాజ్యాంగాన్ని సవరించి, అడవి జంతువులను, చేపలను వేటాడే అవకాశం ప్రజల వారసత్వమని అందులో రాసుకున్నారు. ఈ సవరణ ప్రైవేటు భూమిలోకి అక్రమంగా ప్రవేశించే హక్కును ఇవ్వదని కూడా అందులోనే రాసుకున్నారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురుపడిన ప్రతిచోటా తేల్చవలసింది కోర్టే.

ఎదురుపడే సందర్భాలకు కొదవ లేదు. మోంటానాలో జాతీయ అడవులు, ఫెడరల్ (కేంద్ర) భూ నిర్వహణ సంస్థ కింది మేత భూములు, బడుల ఆదాయం కోసం రాష్ట్రానికి దఖలుపడిన ట్రస్టు భూములు కలిపి కోట్ల ఎకరాలు ఉన్నాయి. చట్టరీత్యా ఈ భూమిలో అత్యధిక భాగం వేటకు తెరిచే ఉంది. అయినా అందులో చాలా భాగానికి దారి లేదు. థియోడర్ రూజ్‌వెల్ట్ కన్జర్వేషన్ పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థ, ఆన్‌ఎక్స్ అనే పటాల కంపెనీతో కలిసి 2018లో లెక్కకట్టగా, పశ్చిమ రాష్ట్రాలన్నింటిలో 95 లక్షల ఎకరాలకు పైగా ఫెడరల్ భూమి ప్రైవేటు భూముల మధ్య చిక్కుకుని ఉందని, అందులో దాదాపు 15 లక్షల ఎకరాలు మోంటానాలోనే ఉన్నాయని తేలింది. మరుసటి ఏడాది రాష్ట్ర భూముల లెక్క తీస్తే మోంటానాలో మరో 15 లక్షల ఎకరాలకు పైగా అదే స్థితిలో కనిపించాయి. చుట్టూ పట్టా భూములున్న ఊరి పోరంబోకుకు పుంత దారి మూసేస్తే ఏమవుతుందో తెలిసినవారికి ఈ సమస్య స్వభావం వేరే చెప్పనక్కరలేదు. భూమి అందరిదీ అయినా, పక్క పొలం యజమాని ఒక్కడికే అది వేట మైదానమవుతుంది.

ఫెడరల్ భూమి గురించిన తగాదాలో రాష్ట్ర న్యాయమూర్తుల ప్రమేయమేమిటన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. భూమి ఫెడరల్ ప్రభుత్వానిదైనా, దాన్ని చేరే దారి మీద హక్కులు మాత్రం చాలావరకు రాష్ట్ర ఆస్తి చట్టం ప్రకారమే నిర్ణయమవుతాయి. అడవి అంచుదాకా వెళ్లే మట్టి రోడ్డు కౌంటీదా (మన జిల్లాలాంటి పాలనా విభాగానిదా), గడ్డిమైదానపు యజమానిదా? యజమాని అనుమతి అడగకుండా, దాపరికం లేకుండా, ఐదేళ్ల పాటు ఎడతెగక జనం నడిచినందువల్ల దాని మీద ప్రజలకు దారి హక్కు సిద్ధించిందా, లేక వాళ్లు యజమాని మంచితనం వల్ల నడిచారా? నది అడుగు భాగం ప్రైవేటుదైతే పైన పడవలో వెళ్లేవాడు నేరస్థుడా? కంచె దాటడం ఎప్పుడు అక్రమ ప్రవేశమవుతుంది? వీటికి వాషింగ్టన్‌లో జవాబు దొరకదు. కౌంటీ కేంద్రంలోని జిల్లా కోర్టులో మొదలై, రాష్ట్ర రాజధాని హెలెనాలోని ఏడుగురు న్యాయమూర్తుల దగ్గర ముగుస్తాయి. ఆ ఏడుగురూ ఎనిమిదేళ్ల పదవికి ఎన్నికైనవారు; జిల్లా న్యాయమూర్తులు ఆరేళ్లకు.

నదుల విషయంలో ఈ అధికారం ఎంతటిదో 2012లో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. జలవిద్యుత్ ఆనకట్టలున్న నదీగర్భాలకు అద్దె కట్టాలని మోంటానా ప్రభుత్వం ఒక విద్యుత్ కంపెనీని కోరడం మీద నడిచిన కేసు అది. నదీగర్భపు యాజమాన్యం ఫెడరల్ చట్టం ప్రకారం తేలాలంటూ అత్యున్నత న్యాయస్థానం రాష్ట్రానికి వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. అయితే అదే తీర్పులో, నీటి మీద ప్రజల హక్కుల పరిధి ఎంతన్నది రాష్ట్రాలు తమ చట్టం ప్రకారం నిర్ణయించుకోవచ్చని వివరించింది. మోంటానా రాష్ట్రం ఓడిన ఆ కేసు, మోంటానా సుప్రీంకోర్టును నదీ ప్రవేశం విషయంలో దాదాపు ఆఖరి మాట చెప్పగల స్థానంలో నిలబెట్టింది. ఆఖరి మాట చెప్పేవారిని ఓటర్లు ఎన్నుకుంటున్నప్పుడు ఆ ఎన్నికకు బరువు పెరగక మానదు.

నదుల కథ 1984లో మొదలైంది. డియర్‌బోర్న్, బీవర్‌హెడ్ నదుల మీద పడవల్లో వెళ్లేవారిని భూ యజమానులు అడ్డగించగా, నదీ ప్రవేశం కోసం ఏర్పడిన ఒక పౌర కూటమి రెండు కేసులు వేసింది. కర్రన్, హిల్డ్రెత్ పేర్లతో స్థిరపడిన ఆ రెండు తీర్పుల్లోనూ మోంటానా సుప్రీంకోర్టు ఒకే సూత్రాన్ని నిలబెట్టింది: నీరు వినోద అవసరాలకు పనికివచ్చేదైతే చాలు, అది ప్రజలదే, అడుగున నేల ఎవరిదన్నది అప్రస్తుతం. దీనికి ఆధారం రెండు చోట్ల దొరికింది. రాష్ట్రంలోని జలాలన్నీ ప్రజల వినియోగం కోసం రాష్ట్రానికి చెందుతాయన్న 1972 రాజ్యాంగ నిబంధన ఒకటి. షికాగో నగరం దగ్గరి మిషిగన్ సరస్సు తీరం గురించి 1892లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచి బలం పుంజుకున్న పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతం రెండోది. ప్రకృతి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అనేది దాని సారం. భారత సుప్రీంకోర్టు కమల్‌నాథ్ కేసులో ఈ సిద్ధాంతాన్ని అమెరికన్ తీర్పుల నుంచే స్వీకరించి, 2006లో తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసులో మళ్లీ అన్వయించింది కనుక తెలుగు పాఠకులకు ఇది పూర్తిగా పరాయి సంగతేమీ కాదు.

1985లో శాసనసభ ఆ తీర్పులకు చట్టరూపం ఇచ్చింది. నది ఒడ్డున సాధారణంగా నీరు చేరే గరిష్ఠ మట్టపు గీతకు లోపల ప్రజలు నడవవచ్చు, చేపలు పట్టవచ్చు, బాతులను వేటాడవచ్చు. పెద్ద జంతువుల వేటకు మాత్రం ఆ చట్టం గట్టి పరిమితులు పెట్టింది. రెండేళ్లు తిరగకముందే, 1987లో, గాల్ట్ కేసులో అదే కోర్టు చట్టంలోని కొన్ని అంశాలను కొట్టివేసింది. రాత్రి మకాం వేయడం, శాశ్వత కట్టడాలు నిలపడం వంటివి నీటిని వాడుకోవడానికి తప్పనిసరి కావని, కాబట్టి అవి నేల యజమాని హక్కును అతిక్రమిస్తాయని చెప్పింది. ఈ గాల్ట్ తీర్పును వేటగాళ్ల సంఘాలు అంతగా తలచుకోవు గాని, దాని ప్రాముఖ్యం తక్కువది కాదు. ప్రవేశ హక్కును సృష్టించిన కోర్టే దానికి గీత కూడా గీసింది. న్యాయమూర్తుల వ్యాఖ్యానంతో పుట్టిన హక్కు న్యాయమూర్తుల వ్యాఖ్యానంతోనే కుదించుకుపోగలదని మూడేళ్లలోనే రుజువైంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు రెండు పెద్ద కేసులు వచ్చాయి. బిటర్‌రూట్ లోయలోని మిచెల్ స్లౌ అనే పాయ మనుషులు తవ్విన కాలువ మాత్రమేనని, కనుక నదీ ప్రవేశ చట్టం దానికి వర్తించదని అక్కడి సంపన్న యజమానులు వాదించారు. దాన్ని సహజ ప్రవాహంగానే పరిగణించాలని 2008లో కోర్టు తేల్చింది. రెండోది మాడిసన్ కౌంటీలో రూబీ నది మీది వంతెనల కేసు. నదిలోకి దిగే హక్కు ఉందని అందరూ ఒప్పుకున్నా, దిగడానికి వంతెన పక్కన అడుగు పెట్టే చోటు లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది. యజమాని వంతెన రెయిలింగుకు ఆనించి కంచె కట్టాడు. దీర్ఘకాల వాడుక వల్ల ప్రజా మార్గమైన రోడ్డుకు, దాని నిర్వహణకు కావలసిన పక్క నేల కూడా చెందుతుందని, జనం ఆ నేల మీదుగా నదిలోకి దిగవచ్చని 2014 జనవరిలో 5–2 మెజారిటీతో తీర్పు వచ్చింది. కింది కోర్టు అంతకుముందు దానికి భిన్నంగా చెప్పింది. నదీ ప్రవేశ చట్టమే రాజ్యాంగ విరుద్ధమన్న యజమాని వాదనను కూడా ఆ సందర్భంలోనే కోర్టు తోసిపుచ్చింది.

ఈ వంతెన తీర్పును వేటగాళ్ల దృష్టితో చూస్తే నదికి మించిన అర్థం కనిపిస్తుంది. మోంటానాలో నది కూడా ఒక రోడ్డే. నేల మీద దారి లేని ప్రభుత్వ భూమిని, నదీ ద్వీపాలను పడవలో చేరుకునే వేటగాళ్లు చాలామంది ఉన్నారు. పైగా వాడుక వల్ల ఏర్పడిన రోడ్డు వెడల్పు ఎంత, దాన్ని ఏ అవసరానికి వాడుకోవచ్చు అన్న ప్రశ్న అడవి రోడ్లకూ సరిగ్గా అలాగే వర్తిస్తుంది. గొర్రెల మందలు తోలుకెళ్లిన పాత బాట మీద ఈనాటి వేటగాడి ట్రక్కు వెళ్లవచ్చా లేదా అన్నది, ఆ వాడుకను కోర్టు ఎంత విశాలంగా చదువుతుందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఇక్కడే ఎన్నికలు రంగంలోకి వస్తాయి. వాటి వెనక డబ్బు కథ ఉంది. రాగి గనుల యజమానులు రాష్ట్ర రాజకీయాలను గుప్పిట్లో పెట్టుకున్న రోజుల్లో, 1912లో, మోంటానా ఓటర్లు స్వయంగా ఒక చట్టం చేసి ఎన్నికల్లో కంపెనీల ఖర్చును నిషేధించారు. కంపెనీల స్వతంత్ర ఖర్చుకు తలుపులు తెరిచిన 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ తీర్పు తర్వాత కూడా రాష్ట్ర సుప్రీంకోర్టు తమ చట్టం చెల్లుతుందని 2011లో పట్టుబట్టింది. 2012 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, వాదనలైనా వినకుండా, 5–4తో దాన్ని కొట్టేసింది. న్యాయమూర్తి అభ్యర్థులను పార్టీలు బలపరచకూడదన్న రాష్ట్ర నిషేధం కూడా అదే ఏడాది ఫెడరల్ అప్పీలు కోర్టులో వీగిపోయింది. నూరేళ్ల పాటు చిన్న రాష్ట్రపు ఇరుగుపొరుగు వ్యవహారంగా సాగిన ఎన్నికలోకి బయటి సొమ్ము రావడానికి అడ్డు లేకుండా పోయింది.

వచ్చింది కూడా. 2012లో సుప్రీంకోర్టు స్థానానికి లారీ మెకినన్ గెలిచిన ఎన్నికలో మోంటానా గ్రోత్ నెట్‌వర్క్ అనే సంస్థ భారీగా ప్రచారం చేసింది. తన దాతలెవరో అది వెల్లడించలేదు. రాష్ట్ర ఎన్నికల ఖర్చులను పర్యవేక్షించే పొలిటికల్ ప్రాక్టీసెస్ కమిషనర్ జరిపిన విచారణ ఫలితం 2016లో బయటికి వచ్చినప్పుడు, ఆ సంస్థకు అందిన పెద్ద విరాళాల్లో కొన్ని మిచెల్ స్లౌ, రూబీ నదుల వెంబడి భూములున్న రాష్ట్రేతర సంపన్నుల నుంచి వచ్చాయని వెల్లడైంది. అభ్యర్థి మీద ఆరోపణ ఏదీ లేదు. 2014 రూబీ తీర్పులో మెకినన్ అసమ్మతి పక్షాన నిలిచిన మాట నిజమే; ఆస్తి హక్కుల గురించిన ఆ వాదనకు చట్టంలో పాత మూలాలు ఉన్నాయన్నదీ అంతే నిజం. ఆ ఓటు ఫలితాన్ని మార్చలేదు. తర్వాతి ఏళ్లలో ఆమె తీర్పులు ఏ ఒక్క శిబిరానికీ ఊహించిన దారిలో నడవలేదు. డబ్బు పెట్టినవాడు తీర్పు కొనుక్కున్నాడని ఇక్కడ చూపించలేం. చూపించగలిగింది ఇంకొకటి ఉంది: నదీ ప్రవేశాన్ని తగ్గించాలనుకున్నవారు శాసనసభను, దావాలను ప్రయత్నించాక, కోర్టు కూర్పును మార్చడం కూడా ఖర్చుకు తగిన మార్గమేనని లెక్క వేసుకున్నారు.

ఎదుటి పక్షం కూడా ఆ లెక్క నేర్చుకుంది. 2014లో పదవిలో ఉన్న మైక్ వీట్ మీద, రాష్ట్ర మాజీ సొలిసిటర్ జనరల్ లారెన్స్ వాన్‌డైక్ పోటీ చేసినప్పుడు జాతీయ స్థాయి రిపబ్లికన్ సంస్థ ఒకవైపు, వాది పక్ష న్యాయవాదుల కూటమి మరోవైపు సొమ్ము కుమ్మరించాయి. అప్పటిదాకా ఆ కోర్టు ఎన్నికల్లో ఎన్నడూ అంత ఖర్చు కాలేదు. నదీ ప్రవేశం ప్రచారాంశమైంది. వీట్ సుమారు 59 శాతం ఓట్లతో గెలిచారు. 2016లో ఆస్తి చట్టం బోధించే ఆచార్యురాలు క్రిస్టెన్ జ్యూరాస్, జిల్లా న్యాయమూర్తి డర్క్ శాండెఫర్ తలపడినప్పుడు మళ్లీ అదే ప్రశ్న ముందుకొచ్చింది, శాండెఫర్ గెలిచారు. జ్యూరాస్ తర్వాత, గవర్నరుగా గెలిచిన గ్రెగ్ జియాన్‌ఫోర్టే జోడీగా లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. ఆ జియాన్‌ఫోర్టే 2016లో గవర్నరు పదవికి మొదటిసారి పోటీ చేసి ఓడినప్పుడు, ఈస్ట్ గాలటిన్ నది ఒడ్డున తన భూమిలో ఉన్న ప్రజా ప్రవేశ మార్గం మీద 2009లో ఆయన కంపెనీ వేసిన దావాను ప్రత్యర్థులు పదేపదే గుర్తుచేశారు. రాష్ట్రమంతటా రిపబ్లికన్లకు ఓటేసే గ్రామీణ వేటగాళ్లలో ఒక భాగం, భూమి ప్రవేశం మాట వచ్చేసరికి పార్టీ గీత దాటుతుందన్న నమ్మకంతోనే ఈ ప్రచారాలు నడిచాయి. పార్టీ ముద్ర లేని బ్యాలెట్టు ఆ దాటుడును సులభం చేస్తుంది. 2024 నవంబరులో ట్రంప్ దాదాపు 20 పాయింట్ల ఆధిక్యంతో గెలిచిన రోజునే, అదే ఓటర్లు ప్రధాన న్యాయమూర్తిగా సంప్రదాయవాదుల మద్దతున్న కోరీ స్వాన్సన్‌ను, మరో స్థానానికి ఉదారవాదుల మద్దతున్న కేథరిన్ బిడెగరేను ఎన్నుకున్నారు.

అయితే ఈ ఎన్నికల్లో ఓటరుకు అందే సమాచారం చాలా పలచన. అభ్యర్థులు వివాదాస్పద అంశాల మీద తమ అభిప్రాయాలు చెప్పుకోవచ్చని మిన్నెసోటా కేసులో 2002లో అమెరికా సుప్రీంకోర్టు అనుమతించింది గాని, ఫలానా కేసులో ఫలానా విధంగా తీర్పిస్తానని హామీ ఇవ్వడాన్ని న్యాయ ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. అందువల్ల మాటలన్నీ సంకేతాల్లో సాగుతాయి. పూర్వ తీర్పులను గౌరవిస్తానని ఒకరంటే నదీ ప్రవేశం భద్రమని వినేవాళ్లు అర్థం చేసుకుంటారు. ఆస్తి హక్కులకు రాజ్యాంగంలో తగిన స్థానం దక్కాలని మరొకరంటే భూ యజమానులు తల ఊపుతారు. రెండు మాటలనూ ఏ న్యాయమూర్తైనా నిజాయితీగానే అనగలరు. రెండూ కలిపి కూడా అనగలరు. వీటి మీద ఆధారపడి ఓటు వేయడం కష్టమే. అసలు ఖర్చు పెట్టేవారిలో ఎక్కువ మందికి వేట పట్టదు. నష్టపరిహార దావాలు, గర్భస్రావ హక్కు, పన్నులు, బొగ్గు, నియోజకవర్గాల హద్దులు వారి అసలు ఆసక్తులు. నదీ ప్రవేశం ఓటరు మనసును కదిలిస్తుంది కాబట్టి కరపత్రం మీదికి ఎక్కుతుంది. ప్రచారంలో వేటగాడు కనిపించినంత తరచుగా, గెలిచిన న్యాయమూర్తి ముందుకు వేటగాడి కేసు రాదు.

కోర్టు గెలుపు వేటగాడికి భూమిగా మారకుండా ఎలా ఆగిపోగలదో విస్కాన్సిన్ చూపిస్తుంది. అక్కడ 1989 నుంచి నోల్స్–నెల్సన్ పేరుతో ఒక పథకం ఉంది. రాష్ట్రం అప్పు తెచ్చి భూములు కొనడానికి, సంరక్షణ సంఘాలు కొనే భూములకు సాయం చేయడానికి అది ఏర్పడింది. ఆ సొమ్ముతో కొన్న భూమి సాధారణంగా వేటకు, చేపల పట్టుకు తెరిచి ఉండాలన్నది షరతు. ఆ కొనుగోళ్లను శాసనసభ ఉమ్మడి ఆర్థిక కమిటీలోని ఒక్క సభ్యుడు అభ్యంతరం చెప్పి ఆపగలిగేవాడు, తన పేరు బయటపెట్టకుండానే. ఉత్తర విస్కాన్సిన్‌లో 56,000 ఎకరాల పెలికన్ రివర్ అడవి ఒప్పందానికి రాష్ట్ర సాయం ఆ కమిటీలోనే ఆగిపోయింది. చివరికి ఫెడరల్ నిధులతో గట్టెక్కింది. 2023 ఏప్రిల్‌లో జానెట్ ప్రొటసేవిచ్ గెలుపుతో రాష్ట్ర సుప్రీంకోర్టులో మెజారిటీ ఉదారవాదుల వైపు మారింది. ఆమె పదవి చేపట్టిన కొద్ది నెలలకే గవర్నర్ టోనీ ఎవర్స్ ఆ కమిటీ వీటో మీద నేరుగా సుప్రీంకోర్టులో దావా వేశారు. 2024 జులైలో ఆ వీటో రాజ్యాంగ విరుద్ధమని తీర్పు వచ్చింది.

ఆ తీర్పు 4–3తో రాలేదు. 6–1తో వచ్చింది, రాసింది సంప్రదాయవాద న్యాయమూర్తి రెబెకా బ్రాడ్లీ. కొత్త న్యాయమూర్తి రాకపోయినా ఫలితం అదే అయ్యేదేమో. ఎన్నిక వల్ల మారింది ఓట్ల లెక్క కంటే, ఆ కేసును ఎప్పుడు, ఎవరి ముందుకు తేవచ్చన్న గవర్నరు అంచనా అనుకోవడం సమంజసం. ఎన్నికల ప్రభావాన్ని తీర్పుల పట్టికల్లోనే వెతికేవారికి ఈ భాగం కనిపించదు. ఆ తర్వాత జరిగినది మరీ చేదు. తమ అదుపు పోయిన పథకానికి నిధులు కొనసాగించడానికి శాసనసభ మెజారిటీ ఉత్సాహం చూపలేదు. 2025 జులైలో సంతకమైన రెండేళ్ల బడ్జెట్‌లో పథకం పొడిగింపు లేదు, పాత అనుమతి 2026 జూన్‌తో ముగిసేలా ఉండిపోయింది. మధ్యలో 2025 ఏప్రిల్‌లో అదే కోర్టులో ఒక స్థానానికి జరిగిన ఎన్నికకు పది కోట్ల డాలర్ల ప్రాంతంలో ఖర్చయింది. ఆ హోరులో వేట భూముల మాట వినిపించిన జాడ తక్కువే.

ఎన్నుకున్న న్యాయమూర్తులు ప్రజా ప్రవేశానికి అనుకూలమని, నియమితులు వ్యతిరేకమని సూత్రం కట్టే ఆశ కొందరికి ఉంటుంది. ఉదాహరణలు పైకి దానికి సరిపోయినట్టే కనిపిస్తాయి. పార్టీ ముద్రతో న్యాయమూర్తులను ఎన్నుకునే న్యూమెక్సికోలో 2022లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, భూ యజమానులు ప్రవాహాలను మూసుకోవడానికి వీలిచ్చిన రాష్ట్ర నిబంధనను కొట్టేసింది. గవర్నరు నియమించాక ఓటర్లు కొనసాగింపు మాత్రమే తేల్చే కొలరాడోలో, 2023లో ఒక వృద్ధ జాలరి నదీ ప్రవేశం కోసం వేసిన దావాను, అది వేయడానికి అతనికి అర్హతే లేదని కోర్టు తిరస్కరించింది. అదే నియామక పద్ధతి ఉన్న యూటాలో కథ మరో రకం: 2008లో కోర్టే విశాల హక్కును గుర్తించింది, 2010లో శాసనసభ దాన్ని కుదించింది, ఏళ్ల తరబడి సాగిన దావా భూ యజమానులకు అనుకూలంగా ముగిసింది. ఇక్కడ పద్ధతి కంటే రాజ్యాంగ పాఠం ఎక్కువ పని చేసింది. జలాలు ప్రజలవని మోంటానా, న్యూమెక్సికో రాజ్యాంగాలు రాసుకున్న బలమైన వాక్యాలు న్యాయమూర్తులకు నిలబడే చోటు ఇచ్చాయి. అలాంటి వాక్యం బలహీనంగా ఉన్నచోట ఎన్నికైన న్యాయమూర్తి కూడా గాలిలో మేడ కట్టలేడు.

ఇకపై అసలు పరీక్ష నదుల మీద జరిగేలా లేదు. మూలల దగ్గర జరగవచ్చు. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు కంపెనీలకు చదరపు మైలు ముక్కలను ఒకటి విడిచి ఒకటి ఇచ్చినందువల్ల, పశ్చిమాన పటం చదరంగపు బల్లలా తయారైంది. రెండు ప్రభుత్వ ముక్కలు ఒక మూల దగ్గర తాకుతాయి. ఆ మూల మీదుగా ఒక దాని నుంచి ఇంకో దానిలోకి అడుగు వేస్తే, కాలు ప్రైవేటు నేల మీద పడకపోయినా భుజం ప్రైవేటు భూమి పైనున్న గాలిలోంచి వెళుతుంది. వ్యోమింగ్‌లో ఎల్క్ పర్వతం దగ్గర నిచ్చెన వేసి అలా దాటిన నలుగురు వేటగాళ్లను 2022లో జ్యూరీ నిర్దోషులుగా వదిలింది. యజమాని వేసిన సివిల్ దావాలో 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ప్రభుత్వ భూమిని కంచెలతో మూయరాదన్న 1885 నాటి ఫెడరల్ చట్టం ఆధారంగా వేటగాళ్ల పక్షాన నిలిచింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. మోంటానా మాత్రం తొమ్మిదో సర్క్యూట్ అనే వేరే అప్పీలు కోర్టు కిందికి వస్తుంది. ఆ తీర్పు తమకు వర్తించదని, మూల దాటడం తమ రాష్ట్రంలో ఇంకా చట్టవిరుద్ధమేనని మోంటానా మత్స్య, వన్యప్రాణి, పార్కుల శాఖ ప్రకటించింది. దాన్ని చట్టబద్ధం చేయాలని 2013లో వచ్చిన బిల్లు శాసనసభలో నెగ్గలేదు.

కనుక మోంటానాలో ఎవరో ఒక వేటగాడు మూల దాటి కేసులో ఇరుక్కుంటే, ఆ కేసు పెట్టాలో వద్దో తేల్చేది ఎన్నికైన కౌంటీ అటార్నీ. మొదట వినేది ఎన్నికైన జస్టిస్ ఆఫ్ ది పీస్ (చిన్న కేసులు వినే స్థానిక న్యాయమూర్తి), ఆపైన ఎన్నికైన జిల్లా న్యాయమూర్తి. గాలిలోంచి భుజం వెళ్లడం రాష్ట్ర చట్టం కింద అక్రమ ప్రవేశమా అన్నది చివరికి తేల్చగలది ఎన్నికైన సుప్రీంకోర్టు. 1885 చట్టం ఈ లోపల ఫెడరల్ కోర్టుకు దారి తీసే అవకాశం ఉన్నా, రాష్ట్ర చట్టపు వ్యాఖ్యానం వారి చేతిలోనే ఉంటుంది. మూల దాటడం గురించి కర్రన్ తీర్పులాంటి పూర్వ తీర్పు ఏదీ ఇంకా లేదు. నదుల విషయంలో నాలుగు దశాబ్దాల తీర్పుల బరువు ఏ కొత్త న్యాయమూర్తి చేతినైనా పట్టి ఆపుతుంది; ఇక్కడ ఆపేది ఏదీ లేదు. అందుకే ఎన్నికల ప్రచారంలో నదీ ప్రవేశం గురించి వినిపించే భయాలు కొంత అతిశయమైనా, ఎవరూ పెద్దగా మాట్లాడని మూలల విషయంలో ఒక్క సీటు తేడా నిజంగా తేడా కావచ్చు.

ఎన్నికల పద్ధతిని మార్చాలన్న ప్రయత్నాలను కూడా ఈ వెలుగులోనే చూడాలి. 2021లో మోంటానా శాసనసభ, ఖాళీలకు పేర్లు సూచించే న్యాయ నామినేషన్ కమిషన్‌ను రద్దు చేసి ఆ అధికారాన్ని గవర్నరుకు అప్పగించింది. రాష్ట్ర సుప్రీంకోర్టే అది చెల్లుతుందని చెప్పింది. న్యాయమూర్తులను రాష్ట్రమంతా కాకుండా ప్రాంతాలవారీగా ఎన్నుకోవాలన్న ప్రతిపాదనను మాత్రం 2012లో ఒకసారి, 2022లో మరోసారి కోర్టు అడ్డుకుంది. వాతావరణ మార్పు మీద యువత వేసిన హెల్డ్ కేసులో 2024 డిసెంబరులో 6–1తో వచ్చిన తీర్పు తర్వాత శాసనసభలో కోపం పెరిగింది. 2025 సమావేశాల్లో న్యాయవ్యవస్థ మీద బిల్లులు కుప్పలుగా వచ్చాయి. న్యాయమూర్తుల పేర్ల పక్కన పార్టీ పేరు రాయాలన్నవి వీగిపోయాయి. అవి నెగ్గి ఉంటే వేటగాళ్ల ప్రవేశ వాదానికి పడే దెబ్బ పెద్దదయ్యేది, ఎందుకంటే ఆ వాదం బలమంతా పార్టీ గీత దాటే ఓటరులోనే ఉంది. ప్రాంతాలవారీ ఎన్నిక వచ్చినా ప్రభావం తక్కువ కాదు: ప్రభుత్వ భూమి తక్కువగా ఉన్న తూర్పు పశుక్షేత్రాల ఓటరు, మిజోలా, బోజ్‌మన్ పట్టణాల ఓటరు వేర్వేరు న్యాయమూర్తులను పంపుతారు.

2026 నవంబరులో బెత్ బేకర్ స్థానం ఓటుకు వస్తుంది. ఆ ఎన్నికలో గెలిచినవారి పదవీకాలం 2035 జనవరిదాకా నడుస్తుంది. మూలల కేసు, అడవి రోడ్ల గేట్ల కేసులు, ఎల్క్ (పెద్ద దుప్పి జాతి) మందల మీద భూ యజమానులు, వేటగాళ్లు పడుతున్న తగాదాలు ఆ ఎనిమిదేళ్లలో ఎన్నో కొన్ని హెలెనాకు చేరతాయి.